స్కాన్ చేసి లేచి వెళ్లే ముందు

మొన్న ఆదివారం భీమవరంలో మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కి వెళ్లాం, ఇంటిల్లిపాదీ ఐదుగురం. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఎక్కడా ఖాళీ కుర్చీ లేదు, పావుగంట నిలబడ్డాక టేబుల్ దొరికింది. మాకు వడ్డించిన కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అమ్మ పప్పు మారు అడిగితే పప్పుతో పాటు నెయ్యి కూడా పట్టుకొచ్చాడు. మా చిన్నదానికి గోంగూర కారం తగిలి మొహం ఎర్రబడితే, మేం పిలిచేలోపే పెరుగు గిన్నె తెచ్చి దాని ముందు పెట్టాడు. చేతులు కడుక్కొచ్చేసరికి బిల్లు సిద్ధంగా ఉంది, వెయ్యీ నూట నలభై. మా బావమరిది ఫోన్ తీసి, స్కాన్ చేసి, సరిగ్గా వెయ్యీ నూట నలభై కొట్టాడు, గల్లా దగ్గర స్పీకరు డబ్బులు వచ్చాయని అరిచింది, అందరం తలో చిటికెడు సోంపు నోట్లో వేసుకుని లేచాం.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఆ కుర్రాడు బిల్లు పెట్టిన నల్ల అట్ట తెరిచాడు. అందులో నాలుగు సోంపు గింజలు, మా బిల్లు కాగితం తప్ప ఏమీ లేవు. మూసేసి చంకలో పెట్టుకుని పక్క టేబుల్ వాళ్లకి మంచినీళ్లు పొయ్యడానికి వెళ్లిపోయాడు. మొహంలో కోపం లేదు, బాధా లేదు, రోజూ జరిగేదే కదా అన్నట్టు ఉన్నాడు. నేను వెనక్కి వెళ్లి, "తమ్ముడూ, ఇది ఉంచు" అని యాభై రూపాయలు చేతిలో పెట్టాను. నోటు కన్నా ముందు గల్లా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నేనూ అలాగే చూసేవాణ్ని.

కార్లో మా బావమరిది, "అయ్యో, నాకు గుర్తే రాలేదు బావా" అన్నాడు. వాడు పిసినారి కాదు, ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా ముందు జేబులో చెయ్యి పెట్టే మనిషి. అందుకే ఈ టిప్పు విషయం రాయాలనిపించింది. మన గోదావరి జిల్లాల్లో జనం చెయ్యి ముడుచుకోలేదు, ఆ చెయ్యి నోటు దాకా వెళ్లే దారి మూసుకుపోయింది, అంతే. పదేళ్ల కిందట అయితే అయిదు వందల నోటు ఇస్తే చిల్లర ఒక చిన్న పళ్లెంలో సోంపుతో కలిసి తిరిగొచ్చేది. అందులోంచి పెద్ద నోట్లు తీసుకుని పదో ఇరవయ్యో వదిలేసేవాళ్లం. దానికి ఆలోచనే అక్కర్లేదు, చెయ్యి దానంతట అదే వదిలేసేది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు వచ్చింది, ఆ తర్వాత కరోనా వచ్చింది, మెల్లగా ఆ పళ్లెం పోయింది. బిల్లు 487 అయితే 487 మాత్రమే వెళుతుంది, తిరిగొచ్చే చిల్లరే లేదు. చిల్లర లేనప్పుడు వదిలేసేది ఏముంటుంది? ఫోనులో కొట్టిన డబ్బు ఓనరు ఖాతాకి వెళుతుంది తప్ప, మనకి పెరుగు తెచ్చిపెట్టిన వాడికి కాదు.

ఇంటర్ అయ్యాక నేను ఒక ఏడాది ఖాళీగా ఉండిపోయాను. 2003 అది. అప్పుడు రావులపాలెం దగ్గర హైవే మీద ఒక టిఫిన్ హోటల్లో సర్వరుగా చేశాను. ఇప్పుడు 16 అంటున్న జాతీయ రహదారిని అప్పట్లో 5వ నంబరు అనేవారు. నెలకి వెయ్యి రూపాయల జీతం, రెండు పూటలా తిండి, పడుకోవడానికి మేడ మీద చాప. తెల్లవారుజామున నాలుగున్నరకి అరటి గెలల లారీలవాళ్లు వచ్చేవాళ్లు, అప్పుడు మొదలైతే మధ్యాహ్నం రెండు దాకా నిలబడే ఉండాలి. రోజుకి పాతిక నుంచి నలభై రూపాయల దాకా టిప్పు వచ్చేది. లెక్క వేస్తే నెలకి ఇంచుమించు ఇంకో జీతం. జీతం ఇంటికి పంపేవాణ్ని, చెప్పులు కొన్నా సబ్బు కొన్నా ఆ టిప్పు డబ్బులతోనే.

మా హోటల్లో ఒక కట్టుబాటు ఉండేది. సోంపు పళ్లెంలో వదిలింది సర్వరుది. తిన్న ప్లేటు పక్కన, గ్లాసు కింద వదిలింది టేబుల్ తుడిచే ఆయనది. ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం, యాభై దాటిన మనిషి, నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఎంగిలి ప్లేటులో పడేసిన డబ్బు ఎలా ఉంటుందో. కొంతమంది రూపాయి బిళ్ల తిన్న ప్లేటులో విసిరేసి వెళ్లిపోయేవాళ్లు, మిగిలిన సాంబారులో మునిగిపోయేది. బాబాయ్ రెండు వేళ్లు పెట్టి తీసి, బక్కెట్టులో కడిగి, లుంగీకి తుడుచుకునేవాడు. తీసుకోకుండా ఉండలేడు, అది ఆయన బీడీ ఖర్చు. కానీ తీసుకుంటున్నప్పుడు ఎవరి వైపూ చూసేవాడు కాదు.

ఇంకో మనిషి గుర్తున్నాడు. వారానికి రెండుసార్లు గెలలు వేసుకుని మార్కెట్టుకి వచ్చే పెద్ద రైతు. నాలుగు ఇడ్లీ, ఒక పెసరట్టు తినేవాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, కండువాతో శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి కుడిచేత్తో నా చేతిలో పెట్టేవాడు. "అబ్బాయ్, కడుపు నిండిందిరా" అనేవాడు. రెండు రూపాయలే. పది రూపాయలు ఎడం చేత్తో టేబుల్ మీదకి తోసేసిన వాళ్లు ఎందరో ఉన్నారు, ఒక్కరి మొహమూ గుర్తులేదు. మనవాళ్లకి ఇది పుస్తకం చూసి నేర్పాల్సిన విషయం కాదు, ఎడం చేత్తో పసుపూ కుంకుమ ఇవ్వం, తాంబూలం ఇవ్వం, డబ్బూ ఇవ్వం. హోటల్లో మాత్రం కుడిచెయ్యి ఎంగిలిగా ఉంటుంది కాబట్టి ఎడం చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. ఒక్క నిమిషం ఆగి చెయ్యి కడుక్కొచ్చి ఇవ్వండి, చాలు.

ఆరో నెలలో మా ఓనరు గల్లా పక్కన ఒక రేకు డబ్బా పెట్టాడు. వచ్చిన టిప్పంతా అందులో వెయ్యాలి, శనివారం రాత్రి అందరికీ సమానంగా పంచుతాను అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది, నిజంగా సమానంగా పంచితే అది మంచి పద్ధతే, లోపల పొయ్యి దగ్గర మాడిపోయే దోసె మాస్టరుకీ గిన్నెలు తోమేవాళ్లకీ కూడా వాటా వస్తుంది. కానీ మొదటి శనివారమే పగిలిన గ్లాసుల డబ్బులు అందులోంచి తీశాడు. రెండో వారం గ్యాసు బండ తెచ్చిన వాడికి అందులోంచే ఇచ్చాడు. నెల తిరిగేసరికి నా వాటా రోజుకి నాలుగు రూపాయలు. అడిగితే, ఇష్టం లేకపోతే మానెయ్ అన్నాడు. అప్పటినుంచి ఎవరైనా చేతిలో పెట్టబోతే ముందు గల్లా వైపు చూడటం అలవాటైంది నాకు. ఇరవై ఏళ్ల పైన దాటింది కదా, ఆ చూపు పోయి ఉంటుందనుకున్నాను, మొన్న భీమవరంలో మళ్లీ కనిపించింది.

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా డబ్బాలో వెయ్యడం కన్నా చేతిలో పెట్టడమే ఎక్కువ చేస్తాను. డబ్బా ఉంటే, "ఇది మీకు పంచుతారా తమ్ముడూ?" అని మెల్లగా అడుగుతాను. "ఆయ్, పంచుతారండీ" అని గబుక్కున అన్నాడంటే అందులోనే వేస్తాను. జవాబు రావడానికి టైమ్ పట్టిందంటే మాత్రం చేతికే ఇస్తాను.

ఇక సర్వీస్ చార్జీ. దీని గురించి చాలామందికి కంగారు ఉంది, నాకూ ఉండేది. ఆమధ్య సెలవులకి పిల్లల్ని తీసుకుని ఒక పెద్ద ఏసీ రెస్టారెంటుకి వెళ్లాం, బిల్లు 2,860 అయింది, దాని కింద సర్వీస్ చార్జీ పది శాతం అని 286 వేశారు, ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ వేశారు, అన్నీ కలిపి 3,303 దాటింది. వడ్డించిన అబ్బాయిని అడిగాను, ఈ 286 మీకు వస్తుందా అని. నోటితో ఏమీ అనలేదు, తల అడ్డంగా ఊపాడు. మేనేజర్ని పిలిచి తీసెయ్యమన్నాను. ముందు "ఇది మా రూల్ సార్" అన్నాడు, నేను 1915 అన్న నంబరు చెప్పగానే కొత్త బిల్లు వచ్చింది, 2,860, దాని మీద జీఎస్టీ 143, మొత్తం 3,003. ఆ అబ్బాయికి వంద చేతికిచ్చి వచ్చాను.

1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ స్పష్టంగా చెప్పింది, హోటళ్లు గానీ రెస్టారెంట్లు గానీ సర్వీస్ చార్జీని వాటంతట అవి బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదు, ఇవ్వాలా వద్దా అన్నది తిన్నవాడి ఇష్టం అని. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి, ఆ నెలలోనే స్టే వచ్చింది, దాంతో రెండున్నరేళ్ల పైన ఎవరికి తోచినట్టు వాళ్లు వేశారు. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ సంఘాల పిటిషన్లు కొట్టేసి, ఆ మార్గదర్శకాలు సరైనవే అని తీర్పు ఇచ్చింది. కాబట్టి తీసెయ్యమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, ఆ కోపం వడ్డించిన వాడి మీద చూపించకండి, ఆ చార్జీ బిల్లులో వేసింది వాడు కాదు. సర్వీస్ చార్జీ తీయించుకుని టిప్పు కూడా ఇవ్వకుండా వచ్చేస్తే ఓనరుకి పోయేదేం లేదు, వాడే రెండు విధాలా నష్టపోతాడు.

బిల్లులో ఉండే జీఎస్టీ వేరే సంగతి. మామూలు హోటల్లో అయిదు శాతం, అందులో రెండున్నర కేంద్రానికి, రెండున్నర రాష్ట్రానికి. ఇదంతా కట్టాం కదా ఇంకా టిప్పెందుకు అనేవాళ్లు ఉన్నారు, మా పెదనాన్నే అంటారు. అందులో ఒక్క పైసా వడ్డించే వాడికి పోదు. ఇంకో మాట, చిన్న హోటలువాళ్లు కంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద పన్ను తామే తమ జేబులోంచి కట్టే ఏర్పాటులో ఉంటే మన దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాసి కూడా ఉండాలి. అది చూసుకుంటే ఆ మిగిలిన అయిదు శాతమే టిప్పుకి సరిపోతుంది.

పెదనాన్న అన్నాను కదా, ఆయన కొడుకు, నాకు అన్నయ్య, అమెరికాలో డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు అందర్నీ తీసుకెళ్లి భోజనం పెట్టించాడు, 4,200 బిల్లు అయితే టిప్పు 850 ఇచ్చాడు. ఇరవై శాతం లెక్క, వాడికి అక్కడ అదే అలవాటు. పెదనాన్నకి కోపం వచ్చింది, రేట్లు పాడు చేసి పోతున్నారు మీరంతా అన్నారు. వాడు చెప్పిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్లుండే టెక్సస్ రాష్ట్రంలో టిప్పు తీసుకునే సర్వరుకి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లేనట, 1991 నుంచి అదే అంకె. మామూలు కనీస కూలి 7.25, ఆ తేడా టిప్పులతో నిండాలి, నిండకపోతేనే యజమాని వెయ్యాలి. కాలిఫోర్నియాలాంటి కొన్ని రాష్ట్రాల్లో అలా తగ్గించి ఇవ్వడానికి వీల్లేదు. అంటే అక్కడ టిప్పు దయ కాదు, వాళ్ల జీతంలో ముక్క. ఇవ్వకుండా వస్తే ఆ మనిషి కూలి కోసినట్టే. పార్సిల్ తీసుకుంటే మాత్రం అంత గట్టి లెక్క లేదట, కానీ కార్డు గీసే మిషనే పదిహేను, పద్దెనిమిది, ఇరవై అని తెరమీద చూపించి నొక్కమంటుంది, వెనకాల లైన్లో మనుషులు ఉంటారు, మొహమాటంతో నొక్కేస్తామన్నాడు. జపాన్‌లో అయితే టిప్పు అలవాటే లేదు.

అందుకని ఆ శాతాలు ఇక్కడికి తేవడం నాకు నచ్చదు. ఇక్కడ సర్వరుకి నెల జీతం ఉంటుంది, చాలకపోయినా ఉంటుంది. కానీ పెదనాన్న వాదన కూడా నాకు నచ్చలేదు. పండగకి ఇల్లు విడిచి పని చేస్తున్న మనిషికి 850 వస్తే పాడైపోయేది ఏమిటి? ఆ వడ్డించినవాడు ఒడిశా కుర్రాడు, మూడేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, మనం ఇంట్లో అరిసెలు తింటున్న రోజున మనకి నీళ్లు అందిస్తున్నాడు. మా అన్నయ్య ఇచ్చిన డబ్బు నాకు నచ్చింది, అదే ప్రతిసారీ ఇవ్వాల్సిన రేటు అనుకోవడం మాత్రం నచ్చలేదు.

టిప్పు ఇవ్వకూడని చోటు కూడా ఒకటుంది, అది అమలాపురం వైపు వెళ్లినప్పుడు తెలిసింది. ఒక పెంకుటింట్లో భార్యాభర్తలు మెస్ నడుపుతున్నారు, నాలుగు టేబుళ్లు, అరిటాకు, కొబ్బరి వేసిన అరటికాయ వేపుడు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. ఆవిడే వండుతుంది, ఆవిడే వడ్డిస్తుంది, "ఇంకో ముద్ద కలుపుకో బాబూ" అని మన ఆకు వైపు చూస్తూ నిలబడుతుంది. డబ్బులిచ్చాక గ్లాసు కింద యాభై పెట్టి లేచాను. చెప్పులేసుకునేలోపు వెనకాల కేక, "బాబూ, డబ్బులు మర్చిపోయావు." మీకేనండీ అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. "అన్నానికి ఇచ్చావుగా నాయనా, పైన ఎందుకు" అని నోటు నా చేతిలో పెట్టి, ఒక్క క్షణం ఆగి, "ఇవ్వాలనిపిస్తే అదుగో, దానికియ్యి" అని పెరటి వైపు చూపించింది. నూతి చప్టా మీద ఒకామె స్టీలు గిన్నెలు తోముతోంది. వెళ్లి ఇస్తే పైటచెంగుకి చెయ్యి తుడుచుకుని తీసుకుని, ఉంచుకోవచ్చా అన్నట్టు ఇంటావిడ వైపు చూసింది. ఇంటావిడ తల ఊపింది.

ఆ పక్కనే కదా లంకల గన్నవరం, డొక్కా సీతమ్మ గారి ఊరు. ఆవిడ 1909లో పోయారు, గోదావరి పాయలు దాటి వచ్చిన వాళ్లకి వేళ కాని వేళలో కూడా అన్నం వండి పెట్టిన మనిషి అని ఇప్పటికీ చెప్పుకుంటారు, పి.గన్నవరంలో గోదావరి పాయ మీదుగా కాలువ నీళ్లు తీసుకెళ్లే వంతెనకి, అక్విడక్టు అంటారే, దానికి ఆవిడ పేరే ఉంది. ఆ గడ్డ మీద అన్నం పెట్టిన చేతికి పైన డబ్బు ఇవ్వబోతే నొచ్చుకోవడం సహజం. యజమానే వడ్డిస్తుంటే టిప్పు వద్దు, బాగుందని చెప్పండి, నలుగురికీ చెప్పండి. పెరట్లో ఎవరున్నారో మాత్రం ఒకసారి చూడండి.

పార్సిల్ సంగతికొస్తే అసలు ఎవరూ ఆలోచించని మనిషి ఆ కట్టేవాడు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను, సాంబారు కట్టడం తేలిక కాదు. ఎడం చేత్తో కవరు మూతి తెరిచి పట్టుకోవాలి, కుడిచేత్తో గరిటె, సాంబారు పొగలు కక్కుతూ ఉంటుంది. సగానికి పోసి, పైన కాస్త గాలి ఉంచి, మూతి గబగబా మెలితిప్పి రబ్బరుబ్యాండు నాలుగు చుట్లు చుట్టాలి. గాలి లేకపోతే బండి మీద గతుకులకి కవరు చిట్లుతుంది, మరీ ఎక్కువైతే ముడి ఊడుతుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా అలా వందల కవర్లు కడితే చూపుడువేలూ బొటనవేలూ మంటెత్తిపోయేవి. రెండు ఇడ్లీ పార్సిల్‌కి టిప్పు ఇవ్వమని నేను అనను, నేనూ ఇవ్వను. కానీ పిల్లాడి పుట్టినరోజని పాతిక బిర్యానీలు కట్టించుకున్నప్పుడు, వినాయక చవితి పందిరికి యాభై పులిహోర పొట్లాలు చెప్పినప్పుడు, ఒక మనిషి మన కోసమే అరగంట నిలబడతాడు. వాడికి వందో నూటయాభయ్యో ఇవ్వాలి. బిల్లులో వేసే పార్సిల్ చార్జీ డబ్బాలకీ కవర్లకీ, అది హోటల్‌కే పోతుంది. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్కలు, రైతా లెక్క ప్రకారం సరిపోయాయో లేదో చూసింది ఆ కట్టినవాడు.

డెలివరీ కుర్రాళ్ల గురించి ఒక్క రోజు చెబితే చాలు. రాజమండ్రిలో మేం ఉండేది నాలుగో అంతస్తు. అక్టోబరులో అల్పపీడనం పట్టి రెండు రోజులు వదలకుండా వాన, కరెంటు లేదు, లిఫ్టు లేదు. ఆర్డర్ పెట్టాక గానీ లిఫ్టు సంగతి గుర్తు రాలేదు, టెన్షన్ పట్టుకుంది, కిందికి వస్తానని ఫోన్ చేశాను. అప్పటికే మూడో అంతస్తులో ఉన్నాడు. రెయిన్‌కోటు జిప్పు తీసి లోపల్నుంచి పార్సిల్ ఇచ్చాడు, సంచీ తడుస్తోందని పొట్టకి ఆనించి పట్టుకొచ్చాడట, పార్సిల్ పొడిగా ఉంది, వాడు నిలువునా తడిసిపోయాడు. మంచినీళ్లు వద్దన్నాడు, టవల్ ఇస్తే తల తుడుచుకున్నాడు. ఆప్‌లో టిప్పు వేస్తే నీకు పూర్తిగా వస్తుందా అని అడిగాను. "వస్తుందండీ, కానీ చేతికిస్తే పెట్రోలుకి ఇప్పుడే పనికొస్తుంది" అన్నాడు. నలభై ఇచ్చాను. ఆ రోజు తర్వాత వానలో ఆర్డర్ పెట్టడమే చాలావరకు మానేశాం, తప్పనిసరైతే నోటు ముందే తలుపు పక్కన పెట్టుకుంటాను. ఆప్ బిల్లులో డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫామ్ ఫీజు, ప్యాకింగ్, జీఎస్టీ అని నాలుగు పద్దులు ఉంటాయి, టిప్పు అని విడిగా రాసి ఉన్నదొక్కటే టిప్పు. ముందే టిప్పు పెట్టమని ఆప్ అడుగుతుంది, వానా ఎండా అయితే ముందే పెట్టండి, మామూలు రోజుల్లో వచ్చాక ఇచ్చినా తప్పులేదు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి పదమూడు రూపాయల చిల్లర కోసం వాడి జేబులన్నీ వెతికించకండి, దయచేసి.

నేను ఎంత ఇస్తానని అడిగితే, ఇద్దరం టిఫిన్ తింటే పది, వేళ కాని వేళ వెళితే ఇరవై. కుటుంబం అంతా భోజనం చేస్తే యాభై, పదిమంది పైన వెళితే వంద, అందులో ఇరవై టేబుల్ తుడిచేవాళ్లకి. వడ్డన బాగోకపోతే ఇవ్వను, అది శిక్ష అనుకోకండి, కానీ ఆలస్యం వంటింట్లోదైతే వడ్డించేవాడి టిప్పు కొయ్యను. పెళ్లిళ్లలో వడ్డించే క్యాటరింగ్ కుర్రాళ్లు ఎక్కువమంది డిగ్రీ చదివే పిల్లలు, రాత్రి ఒంటిగంటకి మనం మండపం వదిలి వెళ్లాక వాళ్లు తింటారు. మా చెల్లెలి పెళ్లికి వంటవాళ్లకి బట్టలు పెట్టి నూటపదహార్లు ఇచ్చాం గానీ ఈ పిల్లల్ని మర్చిపోయాం, అది నాకు ఇప్పటికీ తొలుస్తూనే ఉంటుంది.

ఇవన్నీ జరగాలంటే జేబులో చిన్న నోట్లు ఉండాలి, అక్కడే వస్తోంది అసలు చిక్కు. ఏటీఎంలో తీస్తే పెద్ద నోట్లే, బ్యాంకులో పది రూపాయల కట్ట అడిగితే లేవంటారు. మా వీధి కిరాణా కొట్టాయనకి ఈ గొడవంతా చెప్పాను ఒకసారి. ఆయన ఏమీ అనలేదు, విని ఊరుకున్నాడు. తర్వాత శనివారం బియ్యానికి వెళితే గల్లాపెట్టె పక్క అరలోంచి రబ్బరుబ్యాండు వేసిన ఇరవై రూపాయల నోట్లు పది తీసి, "మీ హోటలు నోట్లు, తీసి పక్కన పెట్టాను" అన్నాడు. నేను ఫోనులో రెండు వందలు కొట్టాను. ఇప్పుడు ప్రతి శనివారం ఇదే, కొన్ని మెత్తబడి ఉంటాయి, ఒకటో రెండో చిరిగినవి ఉంటే ఆయనే టేపు వేసి ఇస్తున్నాడు.